ఇంధనం లేకుండా ఉపగ్రహాన్ని నడిపే తీగ: గ్రూప్-1 మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్ సైన్స్ అండ్ టెక్నాలజీలో స్పేస్ అనగానే చాలామంది మిషన్ల పేర్లు, ప్రయోగ తేదీలు బట్టీ పడతారు. నేను మాత్రం ఒక్కో టెక్నాలజీని ఇంటర్ ఫిజిక్స్ దాకా తీసుకెళ్లి చదివాను. అలా నాకు బాగా పట్టుబడిన టాపిక్ ఎలక్ట్రోడైనమిక్ టెదర్. ఆర్ట్స్ చదివినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, కావాల్సినవి రెండు గుణకారాలే.

ఉపగ్రహం నుంచి పొడవైన లోహపు తీగను నిలువుగా వదులుతారు. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని కోస్తూ దూసుకుపోతుంటే అందులో వోల్టేజీ పుడుతుంది. పెన్ను తీసుకుని లెక్క వేయండి. క్షేత్రం 0.00003 టెస్లా, వేగం సెకనుకు 7,500 మీటర్లు, తీగ 1,000 మీటర్లు. మూడింటినీ గుణిస్తే 225 వోల్టులు. 1996లో కొలంబియా షటిల్ నుంచి ఇటలీ ఉపగ్రహాన్ని దాదాపు 20 కి.మీ. తీగతో వదిలినప్పుడు సుమారు 3,500 వోల్టులు ఎలా వచ్చాయో దీంతో స్థూలంగా అర్థమైపోతుంది. ఇన్సులేషన్ దెబ్బతిన్న చోట స్పార్క్ వచ్చి ఆ తీగ కాలి తెగిపోయింది. జవాబులో ఈ ఉదాహరణ తప్పకుండా రాయండి. సిద్ధాంతం నిజమని, ఇంజినీరింగ్ కష్టమని ఒక్క సంఘటనతోనే చెప్పొచ్చు.

మరి సర్క్యూట్ ఎలా పూర్తవుతుంది? అక్కడ రెండో తీగ పని చేసేది ఐనోస్ఫియర్‌ (వాతావరణపు పై పొర)లోని ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వాయువు. తీగ ఒక చివర ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, మరో చివర వదిలేస్తుంది. కరెంటు పారే తీగను అయస్కాంత క్షేత్రం తోస్తుంది. కరెంటును దానంతట అది పారనిస్తే ఆ తోపు వెనక్కి ఉంటుంది, ఉపగ్రహం వేగం తగ్గి కిందికి దిగుతుంది. పాత ఉపగ్రహాలను కక్ష్య నుంచి దించడానికి ఇది పనికొస్తుంది. సోలార్ ప్యానెళ్ల విద్యుత్తుతో కరెంటును ఎదురు దిశలో నడిపిస్తే కక్ష్య పైకి లేస్తుంది. 1993లో నాసా 500 మీటర్ల తీగతో కరెంటును రెండు దిశల్లోనూ నడిపి చూపింది.

నేను ఎక్కువసేపు ఆలోచించింది న్యూటన్ మూడో నియమం గురించి. వెనక్కి ఏ వాయువూ వదలకుండా ముందుకు పోతే ప్రతిచర్య ఏమైనట్టు? అది అయస్కాంత క్షేత్రం ద్వారా భూమికే చేరుతుంది. శక్తి సూర్యుడిది, ద్రవ్యవేగం (మొమెంటం) ఇచ్చిపుచ్చుకునేది భూమితో. ఈ ఒక్క వాక్యం మీ నోట్స్‌లో ఉండాలి. ఒక కిలోమీటరు తీగలో ఒక ఆంపియర్ పారితే వచ్చే బలం 0.03 న్యూటన్లే, సుమారు 3 గ్రాముల బరువంత. కానీ వారాల తరబడి ఆగకుండా పని చేస్తుంది.

పరిమితులు కూడా రాయండి. పైకి వెళ్లేకొద్దీ క్షేత్రం, ప్లాస్మా రెండూ పలచబడతాయి. 2017లో జపాన్ 700 మీటర్ల తీగతో ప్రయత్నిస్తే అది విచ్చుకోనే లేదు. మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ తరచూ పంపే ధ్రువ కక్ష్యల్లో ఉపగ్రహం ఉత్తర దక్షిణాలుగా తిరుగుతుంది, నిలువు తీగ మీద బలమేమో ఎక్కువగా తూర్పు పడమరల్లో ఉంటుంది. అందుకే అక్కడ ఈ పద్ధతి అంతగా పని చేయదు.