కోడి కూసిన చోటు నుంచి నిప్పుల దగ్గరికి

పన్నెండేళ్లుగా చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, వెళ్లే ముందు ఒకే పాపాన్ని ఒప్పుకుంటూ వచ్చాను. నాన్నగారు మంచాన పడి కబురు పెట్టినప్పుడు పాత కోపం పట్టుకుని నేను వెళ్లలేదు. వెళ్లేసరికి ఆయన లేరు. సరిపడా ఏడిస్తేనే క్షమాపణ దొరుకుతుందన్న లెక్క నాలో ఉండేది. ఆ లెక్కతోనే యెరూషలేము చేరాను.

ప్రభువైన యేసు పట్టుబడిన రాత్రి, కోడి కూయకముందు, శిష్యుడైన పేతురు ఆయనను ఎరుగనని మూడుసార్లు బొంకిన సంగతిని స్మరించుకునే దేవాలయం సీయోను కొండ తూర్పు వాలున ఉంది. గల్లికాంతు అన్న దాని లాటిన్ పేరుకు కోడి కూత అని అర్థం. పైకప్పు మీద బంగారు రంగు కోడిపుంజు నిలిచి ఉంటుంది. పక్కనే కెద్రోను లోయవైపు దిగే పాత రాతిమెట్లున్నాయి. అంచులు అరిగిపోయిన ఒక మెట్టు మీద కూర్చుని లూకా 22వ అధ్యాయం తెరిచాను.

చిన్ననాటి నుంచి చదివినదే అయినా, అందులోని వరుస ఆ రోజే నా కంటపడింది. పేతురు ఏడ్చాక ప్రభువు చూడలేదు. ప్రభువు తిరిగి చూశాకే పేతురు బయటికి వెళ్లి ఏడ్చాడు. అంతకుముందే, బొంకకమునుపే, "నేను నీకొరకు వేడుకొంటిని" అని ఆయన చెప్పి ఉన్నాడు. కృపే ముందు నడిచింది, కన్నీళ్లు దాని వెంట వచ్చాయి. మన తెలుగు బైబిలు మత్తయి 27లో, వెండి నాణేలకు ప్రభువును అప్పగించిన శిష్యుడు యూదా గురించి కూడా "పశ్చాత్తాపపడి" అనే అంటుంది. అతని దుఃఖం బూటకమని నేననుకోను; కానీ ఆ నాణేలు పారవేసిన ఆ మనిషి ప్రభువు ముఖంవైపు తిరగలేదు. మారుమనస్సు అంటే ఆ తిరగడమే. నేను మాత్రం ఇన్నేళ్లూ నా పాపం వైపే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత గలిలయ సముద్రపు ఒడ్డున తబ్గాకు వెళ్లాం. అక్కడ 1933లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు నల్లరాతితో కట్టిన చిన్న గుడి ఉంది. పేతురు బొంకింది నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ. యోహాను 21లో తిరిగి లేచిన ప్రభువు అతని కోసం ఈ సముద్రపు ఒడ్డున సిద్ధం చేసి ఉంచినదీ నిప్పులే, వాటి మీద చేపలు. ఆయన ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. నన్ను ప్రేమించుచున్నావా అని మూడుసార్లు అడిగాడు, అంతే.

గులకరాళ్ల మీద మోకరించి, అలవాటు కొద్దీ ఆ పాత ఒప్పుకోలు మొదలుపెట్టబోయాను. నీళ్లు వచ్చి మోకాళ్లను తడిపాయి. "ప్రభువా, నీవు ఎరుగుదువు" అన్న ఒక్క మాటే నోట వచ్చింది. చాలాసేపు అక్కడే ఉండి, నాన్నగారిని ఇచ్చినందుకు మొదటిసారి దేవునికి కృతజ్ఞత చెప్పాను.