పచ్చి మిరియాలు, పీతలు, కెప్ సముద్రం

నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఫిబ్రవరి అంటే మా ఇంట్లో సీజన్ మొదలు. అలాంటి నెలలో నేనూ తమ్ముడూ చెరో బ్యాగ్ తగిలించుకుని కంబోడియా నుంచి వియత్నాంకి రోడ్డు మీద వెళ్తామంటే ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

ఫ్నోమ్ పెన్‌లో తువోల్ స్లెంగ్ చూశాం. ఒకప్పుడు అది బడి. 1975-79 మధ్య దేశాన్ని ఏలిన ఖ్మేర్ రూజ్ వాళ్ళు దాన్ని జైలు చేశారు. గదుల్లో వరసగా ఖైదీల ఫొటోలు, కొందరు మరీ చిన్నపిల్లలు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం దిగలేదు. "అక్కా, రేపే సముద్రం దగ్గరికి పోదాం" అన్నాడు తమ్ముడు. పొద్దున్నే వ్యాన్ ఎక్కి కెప్‌లో దిగాం.

కెప్ చిన్న ఊరు. మన సూర్యలంకలా అలలు ఎగసిపడవు. గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్ కదా, చెరువులా నిదానంగా ఉంటుంది. అక్కడ మనకు సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తాడు, ఇక్కడ సాయంత్రం నీళ్ళలోకి దిగుతాడు. ఒడ్డున ఊయలలో పడుకుని రెండు సాయంత్రాలు అదే చూశాం. ఒక రాత్రికని వెళ్ళి మూడు రాత్రులు ఉన్నాం.

పీతల మార్కెట్ నాకు భలే నచ్చింది. ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, తాడు కట్టిన బుట్టలు పైకి లాగుతారు. లోపల బతికున్న పీతలు. మనం ఏరుకున్నవి తూకం వేసి, పక్కనున్న కంపోట్ ప్రాంతపు పచ్చి మిరియాలు గుత్తులతో సహా వేసి వేయిస్తారు. మిర్చి ఘాటు నాలుక చివర పట్టుకుంటుంది, పచ్చి మిరియం కొరికాక కాసేపటికి గొంతులో రాజుకుంటుంది. మన ఇళ్ళకు మిరపకాయ రాకముందు వంటలో కారం అంటే ఈ మిరియమే కదా అనుకుంటూ తిన్నాను.

మర్నాడు టుక్‌టుక్‌లో మిరియాల తోటకి వెళ్ళాం. గుంజలకు పాకించిన తీగలు, పైన ఎండ తగలకుండా ఆకుల పందిరి. నలుపు, ఎరుపు, తెలుపు అన్నీ ఒకే తీగ కాయలే. పచ్చిగా కోసి ఎండబెడితే నలుపు, పండాక కోస్తే ఎరుపు, ఆ పండు తొక్క తీస్తే తెలుపు. తొడిమలు ఒలుస్తూ కూర్చున్న ఆడవాళ్ళను చూస్తే మా యార్డు బయట కూలీలే గుర్తొచ్చారు. ఖ్మేర్ రూజ్ కాలంలో వరి తప్ప ఇంకేదీ వద్దని ఈ తోటల్ని పాడుబెట్టించారు. తర్వాత ఈ రైతు కుటుంబాలే మళ్ళీ తీగలు నాటుకుని నిలబడ్డాయి. 2010లో కంబోడియాలో, 2016లో యూరప్‌లో కంపోట్ మిరియాలకి జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే గుర్తింపు, వచ్చింది. మన గుంటూరు సన్నానికీ జీఐ ఉంది కదా, ఆ మాట చెబితే తోటాయన చేయి పట్టుకుని ఊపేశాడు.

సరిహద్దుకి టుక్‌టుక్‌లో గంట. వియత్నాం ఈ-వీసాలో ఏ చెక్‌పోస్టు నుంచి వస్తామో ముందే రాయాలి. మేం హా తియెన్ పెట్టాం. అయినా స్టాంపు పడేదాకా నాకు టెన్షనే. కంబోడియాలో ఖర్చుకి డాలర్ నోట్లు మాత్రం కొత్తవే పట్టుకెళ్ళండి. అంచు కొంచెం చిరిగిందని నా ఇరవై డాలర్ల నోటు ఎవరూ తీసుకోలేదు.

ఇంటికొచ్చాక ఎర్ర మిరియాల పొట్లం నాన్న చేతిలో పెట్టాను. నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, యార్డులో కాయల్ని చూసినట్టే నలిపి, వాసన చూసి, ఒకటి పంటి కింద వేసుకున్నారు.

"బాగా ఎండబెట్టారమ్మా" అన్నారు.