సెయింట్ ఆండ్రూస్‌లో పనిముట్ల వెంట

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కి రైలు లేదు. 1969లోనే ఆ లైను మూసేశారు. దగ్గర్లో ఉన్న స్టేషన్ లూకర్స్, అక్కడ దిగి మళ్ళీ బస్సు పట్టుకోవాలి. మేం డండీ నుంచి నేరుగా 99 నంబరు బస్సెక్కాం. టే నది మీద పొడవాటి వంతెన దాటితే ఫైఫ్ ప్రాంతం మొదలవుతుంది. ఊరు దగ్గరపడుతుంటే ఎడమ చేతి కిటికీలోంచి ఎత్తుపల్లాల పచ్చిక నేల, దాని వెనకాల సముద్రం కనిపించాయి. గోల్ఫ్ ఆడేవాళ్ళకు పుణ్యక్షేత్రం లాంటిది అదే.

డండీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఈ ఆటంటే ప్రాణం. నాకు ఆడటం రాదు. కానీ నా ఉద్యోగమంతా వ్యవసాయ పనిముట్ల వర్క్‌షాపులోనే గడిచింది. ఎక్కడికెళ్ళినా చూపు ముందు నేల మీదికి, ఆ తర్వాత ఆ నేలను చూసుకునేవాళ్ళ చేతుల్లో సామాను మీదికి పోతుంది. “మామయ్యా, ఆట సంగతి వదిలెయ్. అక్కడ నువ్వు చూడాల్సిన సరుకు చాలా ఉంది” అని వాడే బయల్దేరదీశాడు. నవంబరు నెల, చలి ఎముకలు కొరుకుతోంది. అయినా మంచి కాలంలోనే వెళ్ళాం. మరమ్మతులన్నీ జరిగేది చలికాలంలోనే.

మేం చేరింది ఆదివారం. ఆ రోజు ఓల్డ్ కోర్సులో, అంటే ఇక్కడి పాత గోల్ఫ్ మైదానంలో, మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చిక మీదే షికారు చేస్తారు. నేల కౌన్సిల్‌ది, అంటే ప్రజలది. 1974 నుంచి ఒక ట్రస్టు దాన్ని నిర్వహిస్తోంది. మొదటి, చివరి ఫెయిర్‌వేలను, అంటే బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక బాటలను, అడ్డంగా కోస్తూ జనం నడిచే రోడ్డు కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా పక్కనున్న గోల్ఫ్ మైదానాన్ని నేనెప్పుడూ బయటి నుంచి చూడటమే. ఇక్కడ ప్రపంచంలోకెల్లా పేరున్న మైదానం మధ్యలో ఎవరూ ఆపకుండా నడుస్తుంటే మనసు నిండిపోయింది.

అడుగు వేస్తే నేల గట్టిగా, పొడిగా తగిలింది. ముందురోజు వాన పడిందట, ఎక్కడా బురద లేదు. కింద ఉన్నదంతా సముద్రపు ఇసుక. దాని మీద పెరిగేది ఫెస్క్యూ, బెంట్ అనే సన్నటి గడ్డి. ఎరువు, నీళ్ళు ఎక్కువైతే ఈ గడ్డి వెనకబడి, ముతక రకాలు పైకొస్తాయి. అందుకే ఇక్కడివాళ్ళు దాన్ని కాస్త ఆకలితోనే ఉంచుతారు. నేలను అర్థం చేసుకున్న మనిషి చేసే పని అది.

ఓల్డ్ కోర్సులో 112 ఇసుక గుంటలున్నాయి. బంకర్లంటారు వాటిని. వాటి గోడలు చూసి నేను చాలాసేపు కదల్లేదు. గడ్డితో సహా కోసి తీసిన మట్టి పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడలవి. ప్రతి వరసనూ కింది వరస కన్నా కొద్దిగా వెనక్కి జరిపి పేరుస్తారు, అందువల్ల గోడ నిలువుగా కనిపించినా కాస్త వాలి ఉంటుంది. సున్నం లేదు, సిమెంటు లేదు. పలకలను కోయడానికి అర్ధచంద్రాకారపు బ్లేడున్న పొడవాటి పార వాడతారు. దక్షిణం వైపు తిరిగిన గోడలు ఎండకు త్వరగా ఎండి రాలిపోతాయి, ఉత్తరపు గోడలు ఎక్కువ కాలం నిలుస్తాయి. కొన్నేళ్ళకోసారి విప్పి మళ్ళీ కట్టాల్సిందే. ఈ శ్రమ తగ్గించడానికి కొన్ని మైదానాలవాళ్ళు, ఆటస్థలాల్లో వాడి తీసేసిన కృత్రిమ గడ్డిని ముక్కలుగా కోసి, అదే పద్ధతిలో పేర్చి గోడలు కడుతున్నారు. ఎండకు రాలదు, వాడేసిన సరుకూ చెత్తకుప్పకు పోదు. మంచి ఆలోచనే. అయినా నా ఓటు మట్టి పలకలకే. ఆ గోడ మీద గడ్డి బతికి ఉంటుంది.

మధ్యాహ్నం మ్యూజియంకి వెళ్ళాం. ఆట మొదలుపెట్టే చోటికి కూతవేటు దూరంలోనే ఉంది. అక్కడ నన్ను కట్టిపడేసినవి బంతులు. పాతకాలపు బంతి లోపల ఉన్నది పక్షి ఈకలు! తడిపిన తోలు సంచిలో, తడిపిన ఈకలను పట్టినన్ని కూరి కుట్టేస్తారు. ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది, ఈకలు ఉబ్బుతాయి, బంతి రాయిలా గట్టిపడుతుంది. చేయి తిరిగినవాడికి కూడా రోజుకి మూడు నాలుగు బంతులకు మించి అయ్యేవి కావు, అందుకే ధర మండిపోయేది. 1848 ప్రాంతంలో గట్టాపెర్చా బంతి వచ్చి ఆ పరిశ్రమను ముంచేసింది. అది మలయా వైపు చెట్ల పాలు గడ్డకట్టిన పదార్థం. వేడినీళ్ళలో మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది. సొట్టపడిన బంతిని మళ్ళీ కరిగించి కొత్తది చేసుకోవచ్చు. దీని వెనక ఒక కథ చెప్పుకుంటారు. మన దేశం నుంచి ఒక విష్ణుమూర్తి విగ్రహం ఈ ఊరికి వచ్చిందట, దెబ్బ తగలకుండా దాని చుట్టూ పెట్టిన గట్టాపెర్చాను చూసి పేటర్సన్ అనే కుర్రాడికి బంతి చేయాలని తట్టిందట. నిజమో కాదో గానీ, అంత దూరంలో ఆ పేరు వినగానే ఒళ్ళు పులకరించింది.

ఆ బంతి కొత్తలో నున్నగా ఉండేది, గాల్లో సరిగ్గా నిలిచేది కాదు. దెబ్బలు తిని గాట్లు పడ్డాక బాగా ఎగరడం ఆటగాళ్ళు గమనించారు. ఇక కొత్త బంతికే సుత్తితో గాట్లు పెట్టడం మొదలైంది. ఇవాళ బంతి మీద కనిపించే గుంటలు ఆ గాట్లకు వారసులే. చిన్న గుంటలుంటే గాలి బంతిని ఇంకాస్త వెనకదాకా అంటుకుని పోతుంది, వెనక ఏర్పడే సుడి సన్నబడుతుంది, లాగే బలం తగ్గుతుంది. లెక్కలు కట్టి చెప్పేవాళ్ళు రాకముందే, చేత్తో ఆడేవాళ్ళు పట్టేసిన సంగతి ఇది.

పక్క అరలో టీలు, అంటే మొదటి దెబ్బ కొట్టేటప్పుడు బంతిని నిలపడానికి కింద పెట్టేవి. 1744లో ఎడిన్‌బరో పక్కనున్న లీత్‌లో రాసిన తొలి నిబంధనల్లో మొదటిది, బంతి పడాల్సిన గుంతకు ఒక కర్ర పొడవు లోపే తర్వాతి ఆటకు బంతి నిలపాలని. బంతి కింద కుప్పగా పెట్టడానికి ఇసుకను ఆ గుంతలోంచే పిడికెడు తీసేవారు. సాయంత్రానికి గుంత లోతు ఎంతవుతుందో ఊహించుకోండి! తర్వాత ఇసుక డబ్బాలొచ్చాయి, కుప్పను తీర్చడానికి చిన్న అచ్చులొచ్చాయి. చెక్క మేకు అడుగున, పైన రబ్బరు కొస ఉన్న టీకి 1899లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్. నల్లజాతి దంతవైద్యుడు, హార్వర్డ్‌లో పాఠాలు చెప్పినవాడు. ఆయన వాటిని అమ్ముకోలేదు, స్నేహితులకు పంచాడు. 1920ల్లో లోవెల్ అనే మరో దంతవైద్యుడు ఎర్ర రంగు టీలు తయారుచేసి అమ్మితే అవి లోకమంతా పాకాయి. అమెరికా గోల్ఫ్ సంఘం గ్రాంట్ పేరును గుర్తించింది 1991లో. అంత చిన్న వస్తువుకు కూడా చేసినవాడి పేరు దక్కడానికి అన్నేళ్ళు పట్టడం నాకు బాధనిపించింది.

రాత్రి ఊళ్ళోనే ఉండి, సోమవారం తెల్లవారగానే మళ్ళీ వెళ్ళాం. నేను చూడాలనుకున్న పని అప్పుడు కళ్ళబడింది.

గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. దాని మీద ఒకాయన నిలబడి, మనిషికి రెండింతలకు పైగా పొడవున్న సన్నటి కర్రను అటూ ఇటూ విసురుతున్నాడు. కర్ర కొస వంగి గడ్డిని నిమురుతూ పోతోంది. తెల్లటి మంచు పొర మీద దాని వెంట ముదురాకుపచ్చ వంపులు పడుతున్నాయి. గడ్డి మీద మంచు నిలిస్తే బూజు తెగుళ్ళు పడతాయి, అందుకే తెల్లారగానే దులిపేస్తారు. వానపాములు పైకి తెచ్చిన మట్టి కుప్పలు కూడా ఈ దెబ్బకు చెదిరిపోతాయి, లేకపోతే కోత మిషను చక్రం కింద అణిగి పెంకు కడతాయి. వరి ఆకు మీద తడి ఆరకపోతే ఏ తెగులొస్తుందో తెలిసిన మనకు ఇందులో వివరం చెప్పక్కర్లేదు. “ఇప్పుడు ఫైబరువి వాడుతున్నాం, మా పెద్దవాళ్ళు వెదురువి వాడేవారు” అన్నాడాయన. కాసేపు నా చేతికిచ్చాడు. బలంతో పని లేదు. మణికట్టు తిప్పితే చాలు, మిగతాది కర్రే చేసుకుంటుంది.

తర్వాత గుంత మార్చే పని. గుంత ఒకేచోట ఉంటే చుట్టూ నడిచి నడిచి గడ్డి చస్తుంది, అందుకని చోటు మారుస్తూ ఉంటారు. అంచు పదునుగా ఉన్న ఉక్కు గొట్టం, పైన అడ్డంగా పిడి. దాన్ని నేలలోకి నిలువుగా తిప్పుతూ దింపి, మట్టి ముద్దను గడ్డితో సహా ఎత్తాడు. ఆ ముద్దను తీసుకెళ్ళి నిన్నటి గుంతలో దింపి, అంచులు చేత్తో సర్ది, కొంచెం నీళ్ళు పోశాడు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త గుంతలో లోహపు డొప్పను దింపేటప్పుడు దాని అంచు పైమట్టికి అంగుళమైనా కిందే ఉండేలా చూస్తారు. బంతి లోపలికి పడేచోట ఉండాల్సింది మట్టే.

గ్రీన్ వేగం కొలిచే సాధనం కూడా అడిగి చూశాను. 36 అంగుళాల అల్యూమినియం పట్టీ, మధ్యలో గాడి, ఒకచోట బంతి కూర్చునే చిన్న గంటు. అంతే! బంతిని గంటులో పెట్టి ఒక కొసను మెల్లగా ఎత్తుతూ పోతే, సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తానే జారుతుంది. ఎవరెత్తినా అదే కోణం, అదే వేగం. మూడు బంతులు అటు, మూడు ఇటు వదిలి, దొర్లిన దూరానికి సగటు తీస్తారు. ఎడ్వర్డ్ స్టింప్‌సన్ అనే ఆటగాడు 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్ మైదానంలో గ్రీన్లు మరీ జారుగా ఉండటం చూసి చెక్కతో దీన్ని చేశాడు. 1978 నుంచి అమెరికా సంఘం మైదానాలకు అందిస్తోంది. మనిషి చేతి బలాన్ని కొలతలోంచి తప్పించిన ఆ గంటుకు నేను దణ్ణం పెడతాను. ఇక్కడ మాత్రం వేగం మరీ పెంచడానికి లేదు, సముద్రపు గాలికి బంతులే కదిలిపోతాయి. 2015లో ఇక్కడ జరిగిన ఓపెన్ అనే పెద్ద పోటీలో అదే కారణంతో శనివారం గంటల తరబడి ఆట ఆపేశారు.

తొమ్మిదింటికల్లా ఆటగాళ్ళు దిగారు. ఒక్కొక్కరి చేతిలో అరచేతి వెడల్పు కృత్రిమ గడ్డి ముక్క. చలికాలంలో ఫెయిర్‌వే మీద బంతిని దాని మీద పెట్టే కొట్టాలి. గడ్డి పెరగని నెలల్లో నేల లేచిపోతే మళ్ళీ వసంతం దాకా మానదు. గోల్ఫ్ కోసం కనిపెట్టిన సామాను ఎంతో చూశాను గానీ, ఇంత చౌకగా ఇంత మేలు చేసేది ఇంకొకటి కనపడలేదు.

ఊళ్ళో దుకాణాలు అలాంటి సామానుతో నిండి ఉన్నాయి. నడుం వంగని పెద్దవాళ్ళు బంతి తీసుకోవడానికి కర్ర పిడి చివర తగిలించే రబ్బరు గిన్నె, నీళ్ళలో పడ్డ బంతిని తోడే, ముడుచుకునే కర్ర, అయస్కాంతంతో టోపీకి అంటుకునే గుర్తు బిళ్ళ. రబ్బరు గిన్నె నాకు బాగా నచ్చింది, మోకాళ్ళ నొప్పులున్నవాడిని ఆటలో నిలబెడుతుంది. మా వాడు రెండు ముళ్ళ ఫోర్కు కొనుక్కున్నాడు. పైనుంచి పడిన బంతి గ్రీన్ మీద చేసే గుంటను పూడ్చే సాధనం అది. చాలామంది ముళ్ళు గుచ్చి మధ్య మట్టిని పైకి లేపుతారట, దాంతో వేళ్ళు తెగి ఆ చోటు మాడిపోతుంది. చుట్టూ అంచులను లోపలికి నెట్టి, అడుగుతో అదమాలి. ఫోర్కు ఉండగానే సరిపోదు, పట్టుకోవడం తెలియాలని నేనంటే, “క్లబ్బులో అందరికీ ఇది చూపిస్తాను మామయ్యా” అన్నాడు.

ఈ ఊరి పనితనానికి మూలపురుషుడు ఓల్డ్ టామ్ మోరిస్. నాలుగుసార్లు ఓపెన్ గెలిచిన ఆటగాడు. 1860ల మధ్యలో ఈ నేల బాధ్యత అప్పజెప్పినప్పుడు ఆయన చేతికిచ్చిన సరంజామా ఒక తోపుడు బండి, రెండు రకాల పారలు. వాటితోనే 1903 దాకా చూసుకున్నాడు. గడ్డి మీద పలచగా ఇసుక చల్లడం ఆయన నమ్మిన మందు, అదే ఈ రోజుకీ మైదానాలన్నిటిలో నడుస్తోంది.

తిరుగు ప్రయాణం ఎడిన్‌బరో మీదుగా పెట్టుకుని మస్సెల్‌బరోలో దిగాం. గుర్రప్పందేల బాట మధ్యలో తొమ్మిది గుంతల పాత మైదానం ఉంది అక్కడ. గుంత కోసే గొట్టాన్ని 1829లో ముందుగా చేయించుకున్నది ఈ ఊరివాళ్ళే. దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, మరి చేతికి దొరికిన గొట్టం అంతే ఉందో ఏమో. 1891లో అదే నియమమైంది. గోల్కొండ పక్కన మైదానంలోనూ గుంత కొలత అదే. మస్సెల్‌బరో గుంతను మా వాడు టేపు పట్టుకుని కొలిచి చూపించాడు, 108 మిల్లీమీటర్లు.