తలా సగం

"మళ్లీ ఆ పవర్ సప్లైల గోలేనా" అని మా ఆయన ముసుగు తన్నేశారు. ఇక మీరే దిక్కు.

పొద్దున టెస్ట్ బెంచి దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు పవర్ సప్లైలని ఒకే లోడ్‌కి సమాంతరంగా కలపాలి. కొత్త కుర్రాడు, "రెండూ ఒకే మోడల్ కదా మేడం, కలిపేస్తే కరెంటు సగం సగం వాటంతటవే పంచుకుంటాయి" అన్నాడు. అంతవరకు సరే. 40 ఆంపియర్ల లోడ్ పెట్టాక క్లాంప్ మీటర్ కింద ఉన్నదానికి 25, పైదానికి 15 చూపిస్తుంటే, "మీటర్ పాడైందేమో" అన్నాడు చూడండి, అక్కడ మండింది నాకు ఒళ్లు. మీటర్ ఏం చేసింది పాపం? ఒకటి 12.05 వోల్టుల దగ్గర సెట్టయి ఉంది, ఇంకోటి 12.00 దగ్గర. ఒక్కో తీగ దారికి నిరోధం 5 మిల్లీఓములు. తేడా 10 ఆంపియర్లు రాక ఏం చేస్తుంది? ఆ నిరోధం ఇంకా తగ్గితే మరీ ఘోరం. వోల్టేజి ఎక్కువున్నది తన కరెంటు లిమిట్ తగిలేదాకా మోస్తుంది, రెండోది ఊరికే పక్కన నిలబడుతుంది. నలుగురు పట్టిన బీరువా బరువంతా ఒక్కడి మీదే పడ్డట్టు.

నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన ఉండేవారు. మీటర్ తీయకముందే రెండు డబ్బాల మీదా చేతివేళ్ల వెనకవైపు ఆనించి, "ఇది మోస్తోంది, అది నటిస్తోంది" అనేసేవారు. ఒకసారి తీగలు రెండూ బల్లమీద పక్కపక్కన చాపారు. పొడుగుదాన్ని కత్తిరిస్తారనుకున్నాను. కాదు, పొట్టిదాన్ని పీకి పారేసి పొడుగుదానికి సమానంగా ఇంకోటి చేయించారు. "కాస్త నిరోధం ఉండనీ అమ్మా, ఎక్కువ మోయబోయేదాన్ని అదే వెనక్కి లాగుతుంది." డ్రూప్ అంటే ఇంతే, మోసేకొద్దీ వోల్టేజి కాస్త దిగడం. నిరోధం 20 మిల్లీఓములైతే ఇవాళ్టి 10 ఆంపియర్ల తేడా 2.5కి దిగేది. కానీ సగం సగం మోసినా దారిలో 0.4 వోల్టులు పోతాయి. మా లోడ్ అంత ఒప్పుకోదు.

అందుకని షేర్ బస్, అంటే రెండు సప్లైల మధ్య కబురు మోసే తీగ, కలపమన్నాను. ఎక్కువ మోస్తున్నది తన కరెంటు ఎంతో ఆ తీగ మీద చెబుతుంది, తక్కువది తన వోల్టేజి కొంచెం పెంచుకుని అందుకుంటుంది. మధ్యాహ్నానికి 20.3, 19.7. బాగుంది.

బాగుందా? అలవాటుగా వేళ్లు ఆనించాను. పైది కాలిపోతోంది. కిందిదాని వేడిగాలంతా దానికేగా! కరెంటు సమానమే గానీ వేడి కాదు. సప్లై లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమైపోతుందంటారు. మరి నేను పొద్దుట్నుంచీ దేనికోసం కొట్లాడినట్టు? చల్లగాలి తగిలేది కాస్త ఎక్కువ మోస్తేనే న్యాయం. 25 మరీ ఎక్కువ, 21, 19 అయితే చాలు. డ్రూప్‌తో ఎలాగూ అటూఇటూగా అంతే వచ్చేది, మళ్లీ ఆ 0.4 వోల్టులే అడ్డం.

షేర్ బస్‌తోనూ కుదురుతుంది. పైదాని కరెంటు సెన్స్‌ని, అంటే తన కరెంటు ఎంతో అది కొలుచుకునే లెక్కని, కొద్దిగా ఎక్కువగా చూపిస్తే అది తక్కువ మోస్తుంది. డిజైన్ వాళ్లని అడిగితే, ఎందుకదంతా, ఫ్యాన్ స్పీడు పెంచేయండి అన్నారు. రోజంతా ఆ హోరు పక్కన కూర్చునేది వాళ్లు కాదుగా.