డీసీలో చెర్రీ పూలు: సెలవు ఎప్పుడు పెట్టాలి, పెద్దవాళ్లను ఎలా తిప్పాలి

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లు చాలామంది వాషింగ్టన్ డీసీ ప్రయాణం చెర్రీ పూల కోసమే పెట్టుకుంటారు. ఉగాది రోజులు, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉండే రోజులు, చలి తగ్గే రోజులు అన్నీ దాదాపు అప్పుడే కలుస్తాయి. చిక్కు ఒక్కటే. మన సెలవుకు తేదీ ఉంటుంది, పూతకు ఉండదు. 2024లో మార్చి 17కే విరగబూసింది. 2018లో ఏప్రిల్ 5 దాకా ఆగాల్సి వచ్చింది. 2025లో మార్చి 28. జనవరిలోనే శని, ఆదివారాలు చూసుకుని, డబ్బు వెనక్కి రాని హోటల్ తీసుకున్నవాళ్లకు మొగ్గలు గానీ రాలిన రేకులు గానీ మాత్రమే కనబడటానికి కారణం ఇదే.

ఈ పూలకు పేరుపడ్డ చోటు టైడల్ బేసిన్ అనే చెరువు. దాని చుట్టూ ఉన్న చెర్రీ చెట్లలో ఎక్కువ యోషినో రకం. 1912లో టోక్యో నగరం పంపిన 3,000 పైచిలుకు మొక్కలతో ఈ తోట మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మొక్కలకు పురుగు పట్టి ఉండటంతో తగలబెట్టేశారు. ఈ తోటను చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ లెక్కలో 70 శాతం యోషినో పూలు విచ్చుకున్న రోజే నిండు పూత. ఆ నిండుదనం మామూలుగా నాలుగు నుంచి ఏడు రోజులు నిలుస్తుంది. చల్లగా, గాలి లేకుండా ఉంటే ఇంకొంచెం ఎక్కువ, గట్టి వాన పడితే ఇంకా తక్కువే.

పార్క్ సర్వీస్ వాళ్లు ముందుగా ఒక అంచనా తేదీ చెబుతారు, వాతావరణాన్ని బట్టి మారుస్తారు కూడా. తేదీ కన్నా మొగ్గ దశను నమ్మడం మంచిది. పచ్చ మొగ్గ విడి చిన్న చిన్న మొగ్గల గుత్తి బయటపడితే ఇంకా రెండు, మూడు వారాలుంది. గుత్తిలోని ఒక్కో మొగ్గకు సన్నటి తొడిమ సాగి, మొగ్గలు కిందికి వేలాడుతుంటే ఐదు నుంచి పది రోజులు. మొగ్గ ఉబ్బి తెల్లబడి, విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంటే నాలుగు నుంచి ఆరు రోజులు. తొడిమ సాగింది అన్న కబురు వచ్చిన రోజే టికెట్లు ఖాయం చేసుకోవాలి. మొగ్గ తెల్లబడ్డాక నీళ్లు గడ్డకట్టేంత చలి వేస్తే ముప్పే. 2017 మార్చి మధ్యలో వచ్చిన చలికి సగం యోషినో పూత మాడిపోయింది.

అందుకని మేనేజర్‌ను ఒక తేదీ కాకుండా రెండు వారాంతాలు అడగండి. మార్చి చివరి శుక్రవారం, ఏప్రిల్ మొదటి శుక్రవారం రెండూ సెలవు క్యాలెండర్‌లో వేసి, ఒకటి తర్వాత వెనక్కి ఇస్తానని ముందే చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. హోటల్ కూడా రెండు వారాంతాలకూ, ఉచితంగా రద్దు చేసుకునే ధరలో తీసుకోవాలి. రద్దుకు ఆఖరి గడువు ఎన్ని గంటలో, అది ఏ టైమ్ జోన్‌లోనో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నగరం మధ్యలోనే ఉండాలని లేదు. నది అవతల వర్జీనియా వైపు రాస్లిన్, క్రిస్టల్ సిటీల్లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ల హోటళ్లు ఎక్కువ, శని, ఆదివారాల్లో అక్కడ ధర తగ్గే వీలుంది. రెండు చోట్లా మెట్రో స్టేషన్ ఉంది.

వారం మధ్యలో ఒక తెల్లవారుజాము దొరికితే అదే ఉత్తమం. మార్చి చివర అక్కడ సూర్యోదయం ఏడు గంటలకు. తొమ్మిది దాటితే దారి నిండిపోతుంది. ఇక్కడ మన ఆఫ్‌షోర్ కాల్ ఒకటి అడ్డం వస్తుంది. మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి, హైదరాబాద్ టీమ్ సాయంత్రం ఆరింటికి పెట్టే కాల్ అప్పటిదాకా మనకు ఉదయం ఏడున్నర, ఆ తర్వాత ఎనిమిదిన్నర. పూల దగ్గరే కాల్ తీసుకోవచ్చులే అనుకోవద్దు. అంతమంది ఒకేచోట చేరితే ఫోన్ సిగ్నల్ నమ్మలేం. ఆ ఒక్కరోజూ కాల్ మరొకరికి అప్పగించండి.

కారు మాత్రం నగరంలోకి తేవద్దు, పార్కింగ్ వెతకడానికే పూట గడిచిపోతుంది. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లకు మెట్రోపార్క్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కితే సరి, టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. విమానమైతే రీగన్, డల్లస్ రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ మెట్రో ఉంది. రీగన్ నగరానికి దగ్గర. డల్లస్ నుంచి సిల్వర్ లైన్‌లో గంటకు కొంచెం తక్కువ పడుతుంది. యాష్‌బర్న్, హెర్న్‌డన్‌ల్లో బంధువుల ఇంట్లో దిగినా అదే లైన్.

మెట్రో గేటు దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఇప్పుడు క్రెడిట్ కార్డునే గేటుకు ఆనించి లోపలికి వెళ్లవచ్చు. కానీ మనిషికో కార్డు కావాలి. ఒకే కార్డుతో అమ్మనూ నాన్ననూ దాటించలేం. పైగా లోపలికి ఏది ఆనించామో బయటికీ అదే ఆనించాలి. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు పర్సులోని అదే బ్యాంకు కార్డు వాడితే, గేటు వాటిని రెండు వేర్వేరు కార్డులుగా చూస్తుంది, లెక్క తప్పి ఎక్కువ పడుతుంది. పెద్దవాళ్లకు చెరొక స్మార్ట్‌ట్రిప్ కార్డు (మెట్రో వాళ్లే అమ్మేది) కొని, డబ్బు వేసి చేతికివ్వడం అన్నిటికన్నా తేలిక. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. పాత సలహాల్లో కనిపించే సర్క్యులేటర్ అనే నగర బస్సులు 2024 చివరితో ఆగిపోయాయి, వాటిని లెక్కలో పెట్టుకోవద్దు.

దగ్గరి స్టేషన్ స్మిత్సోనియన్. రద్దీ మరీ ఎక్కువైతే పక్క స్టేషన్ లాన్‌ఫాంట్ ప్లాజాలో దిగి నడవండి. బేసిన్ చుట్టూ పూర్తిగా తిరిగితే రెండు మైళ్లు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అంతా తిప్పాల్సిన పని లేదు. మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం నుంచి రూజ్‌వెల్ట్ స్మారకం దాకా నడిపిస్తే చాలు, పూలు, నీళ్లు, అవతలి ఒడ్డున జెఫర్సన్ గోపురం అన్నీ కనబడతాయి. రూజ్‌వెల్ట్ స్మారకం దగ్గర బాత్రూములున్నాయి. 2024లో ఒడ్డు గోడ తిరిగి కట్టే పని మొదలైంది, ఆ పని కోసం కొన్ని చెట్లు తీసేశారు కూడా. కంచె ఇంకా ఎక్కడైనా ఉందేమో బయల్దేరే ముందు చూసుకోండి. పొద్దున నీటి గాలికి చలి వేస్తుంది, స్వెటర్, మంకీ క్యాప్, సాక్స్ తప్పనిసరి. ఇంకో మాట అమ్మలకు మెల్లగా చెప్పాలి: ఒక్క పువ్వు కూడా కోయకూడదు. దేవుడికైనా, జడలోకైనా కోస్తే జరిమానా పడవచ్చు.

మధ్యాహ్నం మ్యూజియాలు. స్మిత్సోనియన్ మ్యూజియాలు ఉచితమే గానీ, విమానాల మ్యూజియానికి వేళ రాసిన పాస్ ముందే తీసుకోవాలి. వాషింగ్టన్ స్తంభం పైకెక్కే టికెట్లు 30 రోజుల ముందు ఆన్‌లైన్‌లో ఇస్తారు, ఒక్కోదానికి ఒక డాలర్ రుసుము. అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ చూడాలంటే ఆదివారం కుదరదు. అక్కడ తిండి లోపలికి రానివ్వరు, నీళ్ల సీసా కూడా ఖాళీగా ఉండాలి. పులిహోర డబ్బా సంచిలో ఉంటే గుమ్మం దగ్గరే పారేయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు బయట పచ్చికలో కూర్చోబెట్టి తినిపించాకే లోపలికి తీసుకెళ్లండి. వీసాల మీద ఉన్నవాళ్లు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే పత్రం) ప్రతి దగ్గర ఉంచుకోవాలి, 18 ఏళ్లు దాటిన విదేశీయులకు చట్టం ప్రకారం అది అవసరం.

గుడికి వెళ్లాలనుకుంటే మేరీల్యాండ్ లాన్‌హామ్‌లోని శివ విష్ణు దేవాలయానికి ఒక పూట కేటాయించండి. న్యూ కారల్టన్ స్టేషన్ నుంచి క్యాబ్‌లో దగ్గరే. ఆమ్‌ట్రాక్ రైళ్లు కొన్ని అక్కడా ఆగుతాయి కాబట్టి తిరుగు ప్రయాణం రోజున పెట్టుకుంటే కలిసివస్తుంది.

ఇంత చేసినా యోషినో తప్పిపోతే, ఆ రెండో వారాంతాన్ని రద్దు చేయకండి. ముద్దబంతిలా రేకుల మీద రేకులుండే గులాబీ రంగు క్వాన్‌జాన్ రకం సుమారు రెండు వారాల తర్వాత పూస్తుంది. ఈస్ట్ పొటోమాక్ పార్క్‌లో ఆ చెట్లు చాలా ఉన్నాయి, జనమూ తక్కువ. అక్కడికి మెట్రో లేదు, పెద్దవాళ్లుంటే క్యాబ్ మాట్లాడుకోండి.