మోకాలి దెబ్బకి చేతి ఎక్స్‌రే

2016 సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో ఆడపిల్లలకి కబడ్డీ పోటీ పెట్టారు. మాది కావలి పక్కన పల్లె. నాకప్పుడు 13 ఏళ్ళు. కూతకెళ్ళి వెనక్కి తిరుగుతున్నాను. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. కుడి పాదం నేలలో పాతేసినట్టు నిలబడిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. లోపల టప్‌మని చప్పుడు.

పొద్దుగూకేసరికి మోకాలు కొబ్బరిబోండంలా వాచింది. అంత తొందరగా వాచిందంటే కీలు లోపల రక్తం చేరినట్టని చాలా నెలల తర్వాత తెలిసింది. ఆ రోజు చూసినాయన "చిన్నపిల్ల, బెణికిందంతే" అని ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. తర్వాత కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళారు. నెలకి వాపు పోయింది, నొప్పీ పోయింది. తగ్గిందనే అందరం అనుకున్నాం.

కానీ ఆ కాలు నాది కానట్టుండేది. బస్సు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోయేది. అమ్మకి చెబితే భయపడుతుందని దాచాను. ఆ దాచడమే నాకు ఎక్కువ నష్టం చేసింది. ఆగస్టులో బళ్ళో మళ్ళీ ఆడాను. ఈసారి మోకాలు మడతలోనే ఇరుక్కుపోయింది, చాపడానికి రాలేదు.

నెల్లూరులో ఎముకల డాక్టరు నా పిక్కని రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగి చూశారు. ఎమ్మారై తీయించారు. ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ పిక్క ఎముకనీ పట్టి ఉంచే తాడులాంటి లిగమెంటు, పూర్తిగా తెగింది. అది లేని కాలితో ఏడు నెలలు తిరిగినందుకు కీలులో ఉండే మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్త, అది కూడా చిరిగింది.

అప్పుడు నా ఎడమ చేతికి ఎక్స్‌రే తీయమన్నారు. దెబ్బ కాలికైతే చేతికెందుకని అవ్వ అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పారు. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల గీత ఉంటుందంట. తొడ ఎముక పొడవులో 70 శాతం దాకా మోకాలి దగ్గరున్న గీత నుంచే వస్తుంది. కొత్త లిగమెంటు పెట్టడానికి ఎముకకి రంధ్రం చేస్తే అది ఆ గీతని దాటుతుంది. ఇంకా చాలా ఎదగాల్సిన పిల్లలకైతే కాలు వంకర పోవచ్చు, పొట్టిదై పోవచ్చు. ఆడపిల్లల్లో ఈ గీత 14 ఏళ్ళప్పుడు, మగపిల్లల్లో 16 ఏళ్ళప్పుడు ఇంచుమించుగా మూసుకుంటుంది. పుట్టినరోజు చూస్తే చాలదు, ఎముక వయసు చూడాలి. అది చేతి ఎక్స్‌రేలో తెలుస్తుంది.

"పాప పెద్దమనిషై ఎన్నాళ్ళయింది?" అని అమ్మని అడిగారు. నాయన లేచి వరండాలోకి వెళ్ళాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆపరేషన్ ఎలా చేయాలో తేలింది ఎక్స్‌రేతో పాటు ఆ ప్రశ్నతోనే. ఏడాదిన్నర దాటింది, పొడవు పెరగడం కూడా దాదాపు ఆగిపోయింది. అందుకని ఎముకకి రంధ్రం చేసినా భయం లేదన్నారు. తొడ వెనక కండరాన్ని ఎముకకి కలిపే నరంలాంటి తాడు తీసి కొత్త లిగమెంటు వేశారు, మెనిస్కస్‌కి కుట్లు వేశారు.

ఆపరేషన్ కన్నా తర్వాతి ఏడాది కష్టం. తొడ సగానికి సన్నబడింది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని కిందకి నొక్కి పది అంకెలు లెక్కపెట్టడం, రోజుకి వందసార్లు. బాసింపట్టు వేసుకుని అన్నం తినడానికే నెలలు పట్టింది. తొమ్మిది నెలలకి పరుగెత్తగలిగాను. అయినా డాక్టరు ఆటకి ఒప్పుకోలేదు. ఈ వయసు పిల్లలకి కొత్త లిగమెంటు మళ్ళీ తెగడం ఎక్కువంట. ఏడాది దాటాకే కబడ్డీ బరిలో అడుగు పెట్టాను.

2018లో మా మామ కొడుకు, 9 ఏళ్ళవాడు, సైకిల్ మీంచి పడ్డాడు. అదే వాపు. బెణికిందని అత్త నూనె రాయబోతుంటే నేను గొడవచేసి ఆ రోజే నెల్లూరు తీసుకెళ్ళాను. వాడికి లిగమెంటు తెగలేదు. అది అతుక్కున్న చోట పిక్క ఎముకలోంచి చిన్న ముక్క లేచింది. ఆ వయసులో లిగమెంటు కన్నా ఎముకే మెత్తన, అందుకే ముందు అది విరుగుతుందన్నారు డాక్టరు. ముక్క పెద్దగా కదల్లేదు కాబట్టి కాలు చాపి సిమెంటు కట్టుతోనే సరిపోయింది.

కట్టు విప్పాక వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నాను. అరుగు మీద ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం, మోకాళ్ళ కింద చెరొక తువ్వాలు. "ముప్పై అయిపోయిందక్కా" అనేవాడు. ఇరవై ఆరే అయిందని, మిగిలిన నాలుగూ నేనే పైకి లెక్కపెట్టేదాన్ని.