ఏరోబిక్స్ వీడియో పెట్టే ముందు కాళ్ళ కింది బండ చూసుకోండి

ఇంట్లో టీవీ ముందు నిలబడి ఏరోబిక్స్ చేద్దామనుకునేవాళ్ళు మొదట అడిగేది ఏ వీడియో మంచిదని. అంతకంటే ముందు చూడాల్సింది కాళ్ళ కింద ఏముందనేది. నల్లగొండ, పాలమూరు దిక్కు ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి షాబాద్ బండలు, లేకుంటే గ్రానైటు, టైల్స్. ఏదైనా సిమెంటు మీద పరిచిందే, పిసరంత కూడా లొంగదు. మంచి స్టూడియోల్లో చెక్క నేల వేసి కింద కొంత ఖాళీ వదులుతారు. దూకినప్పుడు ఆ చెక్క కాస్త దిగి దెబ్బను తాను తీసుకుంటుంది. మన బండ తీసుకోదు. ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, నడుముకు పోతుంది. కొన్నాళ్ళకు మోకాలి కింద ముందరి ఎముక వెంబడి సలుపు, పొద్దుగాల మంచం దిగంగనే మడమలో సూది పొడిచినట్టు నొప్పి మొదలైతే, ముందుగా అనుమానించాల్సింది ఈ గెంతులనే.

అందుకే మొదటి నెలంతా ‘లో ఇంపాక్ట్’ అని రాసి ఉన్న వీడియోలే పెట్టుకోండి. ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలని దాని అర్థం. అలాగని తేలికేం కాదు. మోకాలు నడుము ఎత్తుకు లేపి, చేతులు బాగా ఊపితే ఆయాసం దానంతటదే వస్తుంది.

యోగా చాప వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పక్కకు అడుగేసినప్పుడు పాదం చాపకు అతుక్కుని ఆగిపోతుంది, మోకాలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నున్నటి టైల్స్ మీదైతే ఏకంగా చాపే జారుతుంది. బొంతలు, తివాచీలు అసలే వద్దు. అడుగు వెడల్పుగా, పక్కలు గట్టిగా ఉన్న ట్రైనింగ్ షూ వేసుకోండి. పరుగు కోసం చేసిన షూకు మడమ దగ్గర ఎత్తు ఎక్కువ, పక్కలకు పట్టు తక్కువ, అందుకే చీలమండ మడత పడుతుంది. ఆడవాళ్ళు నైటీతో చేయొద్దు. వెనక్కి అడుగేసినప్పుడు దాని అంచు మడమ కింద పడుతుంది. చున్నీ కూడా తీసి పక్కన పెట్టండి.

వీడియోను మొదటిరోజు కూర్చుని మొత్తం చూడండి. రెండోరోజు వేగం 0.75కు తగ్గించండి. నిమిషానికి 140 తాళం దెబ్బలున్న పాట అప్పుడు 105కు దిగుతుంది, అడుగు నేర్చుకోవడానికి అది చాలు. ముందు కాళ్ళు మాత్రమే చేయండి, చేతులు నడుము మీదే ఉండనివ్వండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ, కాళ్ళు తడబడకుండా నాలుగుసార్లు నడిచాక చేతులు కలపండి. రెండూ ఒకేసారి పట్టుకుందామని చూస్తే రెండూ పోతాయి. కుడి, ఎడమ అన్న మాటలు పట్టించుకోకండి. తెర మీద నేర్పే ఆమె కిటికీ దిక్కు పోతే మీరూ కిటికీ దిక్కే పోండి.

ఎక్కువమంది తప్పేది గ్రేప్‌వైన్ అనే పక్క నడక దగ్గర. ఒకటికి కుడికాలు పక్కకు. రెండుకు ఎడమకాలు దాని వెనక నుంచి దాటాలి. మూడుకు మళ్ళీ కుడికాలు పక్కకు, నాలుగుకు ఎడమకాలు దగ్గరికి. రెండో లెక్కలో నడుము కూడా కాలితో పాటు తిరిగిపోతుంది, మోకాలు మెలిపడేది అక్కడే. బొడ్డు టీవీ వైపే ఉండాలి, వెనక్కి దాటే కాలు ముందు వేళ్ళ మీద ఆనాలి. దీనికి పక్కకు కనీసం ఆరడుగుల జాగా కావాలి. దివాన్ అడ్డముంటే దాని బదులు స్టెప్ టచ్, అంటే ఒక కాలు పక్కకు వేసి రెండోది దాని దగ్గర ఆనించడం, రెండుసార్లు వేసినా లెక్క సరిపోతుంది.

పాదం ఎలా దిగుతోందో చెవితో తెలుసుకోవచ్చు. ముందు వేళ్ళు, తర్వాత పాదం ముందు మెత్త, చివరికి మడమ. ‘ధబ్’మని చప్పుడైతే మడమ ముందు పడుతోందన్నట్టు. మడమ అసలు ఆనకుండా వేళ్ళ మీదే ఆడితే పిక్కలు పట్టేస్తాయి.

ఎంత గట్టిగా చేయాలి? 220లోంచి వయసు తీసేయండి, నిమిషానికి నాడి ఎక్కువలో ఎక్కువ కొట్టుకునే లెక్క సుమారుగా అది. నలభై ఏళ్ళవాళ్ళకు 180. మొదట్లో అందులో సగం నుంచి 70 శాతం దాకా, అంటే 90 నుంచి 126. మణికట్టు దగ్గర పది సెకన్లు లెక్కపెడితే 15 నుంచి 21 కొట్టుకోవాలి. బీపీకి అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి గోళీలు వాడేవాళ్ళకు ఈ లెక్క పనికిరాదు. ఆ మందులు నాడిని తగ్గించే ఉంచుతాయి. వాళ్ళు మాట చూసుకోవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. బీపీ ఉన్నవాళ్ళు చేతులు భుజం పైకి ఎక్కువసేపు ఎత్తి ఉంచొద్దు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడే షుగర్ వాళ్ళు పరగడుపున చేయకూడదు, అందుబాటులో చక్కెర పెట్టుకోవాలి.

మధ్యలో ప్రకటన వస్తే చటుక్కున కూర్చోవద్దు. కాళ్ళలోని రక్తం అక్కడే ఉండిపోయి కళ్ళు తిరుగుతాయి. ప్రకటన అయ్యేదాకా ఉన్నచోటే మార్చింగ్ చేస్తూ ఉండండి.

మన ఎండలు తెలిసినవే. మార్చి నుంచి పొద్దుగాల ఆరు లోపలే కానిచ్చేయండి. రేకుల ఇంట్లో సాయంత్రం వద్దేవద్దు, పొద్దు గూకేదాకా రేకు వేడి దించుతూనే ఉంటుంది. కూలర్ పెడితే కిటికీ తెరిచి ఉంచండి. మూసిన గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అయిపోయాక పలచటి మజ్జిగ తాగండి, ఒంటికి మేలు చేస్తుంది.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు పెద్దవాళ్ళ గురించి ఒక మాట. ఇప్పుడు నల్లాల్లో నది నీళ్ళు వస్తున్నా, ఏళ్ళకేళ్ళు బోరు నీళ్ళతో ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ తొందరగా పోదు. ఎక్స్‌రేలో ఆ ఎముక గట్టిగా కనిపిస్తుంది, కానీ పెళుసు. మెడ పూర్తిగా తిరగనివాళ్ళు, వంగి కాలివేళ్ళు అందుకోలేనివాళ్ళు వీడియోలో ఉన్నాయని ఆ కదలికలు బలవంతంగా చేయొద్దు. ఎముకల డాక్టరు సరేనంటేనే మొదలుపెట్టి, కుర్చీ వీపు పట్టుకుని మార్చింగ్, స్టెప్ టచ్ వరకే చేయాలి.

మొదటి వారం పది నిమిషాలు చాలు. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే అయిదో వారానికి అరగంట అవుతుంది. వారంలో ఐదు రోజులు చేస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నిమిషాలు పూర్తయినట్టే. చివర్లో గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టండి. మడమ నేలకు నొక్కి, పిక్కను 30 సెకన్లు సాగదీయండి, రెండు కాళ్ళకూ. మర్నాడు పిక్క మొత్తం పట్టేసినట్టుంటే మార్చింగ్ ఒక్కటే చేయండి. ముందరి ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే మాత్రం వీడియో ఆపేసి డాక్టరుకు చూపించండి.